బోర్డు మీద "అష్టాంగ" అని ఉంటే ఒకసారి ఆగి అడగండి

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ బీచ్ పొడుగునా లక్షల మంది యోగా చేస్తుంటే నేను హైదరాబాద్‌లో సోఫాలో కూర్చుని, ఒళ్లో ఉప్మా ప్లేటు పెట్టుకుని టీవీలో చూశాను. సిగ్గేసింది. నలభై రెండేళ్లు, రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలోనే, కింద పడ్డ పెన్ను తీయాలంటే ఊపిరి బిగబట్టాలి. ఆ సోమవారమే ఇంటికి దగ్గర్లో "అష్టాంగ యోగా" అని బోర్డున్న చోటికి వెళ్లి మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టేశాను.

అష్టాంగం అంటే నాకు తెలిసింది చిన్నప్పుడు తాతయ్య వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన, పతంజలి యోగసూత్రాల్లోని ఎనిమిది అంగాలే. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం అంటూ సమాధి దాకా వెళ్లేవి. కళ్లు మూసుకుని కూర్చోబెడతారు కాబోలు, కాస్త కునుకు కూడా తీయొచ్చు అనుకున్నా. తీరా వెళ్తే సూర్య నమస్కారాలతోనే చొక్కా తడిసిపోయింది, ఆపైన ప్రతి ఆసనానికీ మధ్య మళ్లీ చేతుల మీద దిగి లేవడం, దాని పేరు చతురంగ దండాసనం, పేరు పలికేలోపే నేను బోర్లా పడిపోయేదాన్ని. పక్క మ్యాట్ మీద కాలేజీ కుర్రాడు గాల్లోకి లేచి వెనక్కి దూకుతుంటే నేను మోకాళ్ల మీద డేక్కుంటూ వెళ్లాను. పదో రోజుకి కుడి మణికట్టు వాచింది. పన్నెండో రోజు, కాళ్లు చాపి ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో మాస్టారు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వీపు మీద చేతులేసి నొక్కితే తొడ వెనక చటుక్కున పట్టేసింది. ఫీజు వెనక్కి ఇవ్వలేదు, అడగడానికి వెళ్లినప్పుడు మెట్లు ఎక్కడానికే ఐదు నిమిషాలు పట్టింది.

వాళ్లు చేయించింది అష్టాంగ విన్యాస. మైసూరులో పట్టాభి జోయిస్ నేర్పిన పద్ధతి. ఆసనాల వరస మారదు, ఒకటి కుదిరాకే తర్వాతిది, గొంతులో సన్నగా చప్పుడు వచ్చే ఉజ్జాయి శ్వాసతో ఒంటి కదలిక కలవాలి, పద్ధతి ప్రకారం చేసేవాళ్లు వారానికి ఆరు రోజులు చేస్తారు, అమావాస్యకీ పౌర్ణమికీ సెలవు. చెడ్డదని అనను, ఆ కుర్రాడికి అది అచ్చంగా సరిపోయింది. నాలాంటి వాళ్లు మొదలుపెట్టాల్సింది మాత్రం అక్కడ కాదు.

కాలికి కాపడం పెట్టుకుంటూ ఈ పేర్ల సంగతి చదవడం మొదలుపెట్టాను, అసలు ఆసక్తికరమైన విషయం అక్కడే దొరికింది. జోయిస్ గురువు తిరుమల కృష్ణమాచార్య. 1930ల్లో మైసూరు మహారాజు అండతో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపారు, అక్కడ నేర్చుకున్నది ఎక్కువగా మగపిల్లలు, ఊరూరా ప్రదర్శనలు కూడా ఇచ్చేవాళ్లు. ఎగరడాలూ దూకడాలూ అంతంత ఎందుకున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. అదే గురువు దగ్గర నేర్చుకున్న ఇంకొకాయన బి.కె.ఎస్. అయ్యంగార్, వరసకి ఆ గురువుగారికి బావమరిది, చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయలతో నలిగిన మనిషి. ఆయన పుణె వెళ్లి నిలబెట్టిన పద్ధతిలో దూకడం కంటే నిలకడ ముఖ్యం, ఒళ్లు వంగకపోతే నేలనే పైకి తెచ్చినట్టు బెల్టు, చెక్క దిమ్మె, కుర్చీ, గోడకి కట్టిన తాళ్లు. గురువుగారి కొడుకు దేశికాచార్ మద్రాసులో ఒక్కొక్కరి వయసూ జబ్బూ చూసి విడివిడిగా నేర్పారు. ఒకే పిండితో ఒకళ్లు ఇడ్లీ వేస్తే ఒకళ్లు దోసె పోసినట్టు. ఏ పద్ధతి గొప్పది అనే గొడవ నాకైతే అక్కడితో పోయింది.

మిగతా బోర్డుల గురించి క్లుప్తంగా చెప్తాను. ఉత్త "హఠ యోగా" అని ఉంటే సాధారణంగా నెమ్మదిగా సాగే క్లాసు, అయినా లోపల ఏం చేయిస్తారో అడగాల్సిందే, ఆ మాట అంత విశాలం. శివానంద పద్ధతిలో 12 ముఖ్యమైన ఆసనాలు, మధ్యమధ్య శవాసనం, నాకు నచ్చిన ఏర్పాటు. పవర్ యోగా 1990ల్లో అమెరికాలో అష్టాంగ విన్యాసలోంచే పుట్టింది, జిమ్ వాళ్లు ఎక్కువగా పెడతారు. బిక్రమ్ యోగా అని ఇంకోటి, దాదాపు 40 డిగ్రీల వేడి గదిలో 90 నిమిషాలు, మే నెలలో విజయవాడలో ఉండేవాళ్లు దానికి డబ్బులు కట్టడం ఎందుకో నాకు తెలీదు. యిన్ యోగాలో ఒక్కో భంగిమలో మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి, చూడ్డానికి తేలిక, రెండో నిమిషానికి తెలుస్తుంది సంగతి.

ఇప్పుడు నేను వెళ్తున్నది అయ్యంగార్ పద్ధతి క్లాసు. మొదటి రోజు తాడాసనంలో, అంటే ఉత్తినే నిలబడటంలో, అరగంట గడిచిపోయింది. చిరాకేసింది కూడా. మేడమ్ వచ్చి "మీ బరువంతా ఎడమ మడమ మీదే ఉందమ్మా" అన్నాక చూసుకుంటే నా చెప్పులన్నీ ఎడమ వైపే అరిగి ఉన్నాయి! బెల్టు కొనలేదు, పాత చున్నీ చాలు.

ఫీజు కట్టే ముందు ఒక్క క్లాసు ఊరికే చూడనివ్వమని అడగండి, కుదరదంటే అక్కడితో నమస్కారం. బీపీ, డిస్క్ సమస్య, గ్లకోమా, గర్భం, ఏదున్నా ముందే డాక్టర్‌కీ టీచర్‌కీ చెప్పండి, శీర్షాసనంలాంటివి అందరికీ కాదు. వీపు మీద చెయ్యేసి నొక్కబోతే వద్దండీ అనండి, మొహమాటపడకండి, నేను మొహమాటపడి మూడు వారాలు కుంటుకుంటూ నడిచాను. కండరం సాగుతున్న నొప్పి వేరు, కీలు దగ్గర సూది గుచ్చినట్టు ఉండే నొప్పి వేరు, రెండోది వస్తే వెంటనే బయటికి వచ్చేయండి.

మా అమ్మ ఇవన్నీ విని "నాకు మోకాళ్లు, నాకేం పనికొస్తాయే" అంది. బిహార్ ముంగేర్ యోగా స్కూల్ వాళ్ల పవనముక్తాసన వరసలో కాలి వేళ్లు, చీలమండలు, మణికట్లు తిప్పేవి ఉంటాయి, కుర్చీలో కూర్చుని కూడా చేసుకోవచ్చు, అవి చూపించాను. ఇప్పుడు రాత్రి సీరియల్ వచ్చేసరికి కాళ్లు చాపి చీలమండలు తిప్పుతూ ఉంటుంది. కోడలి పాత్రని అత్త తిట్టే సీనొస్తే మాత్రం స్పీడు పెరుగుతోంది, నెమ్మదిగా అమ్మా అంటే వినదు.