అరకు దాటి కోరాపుట్ వస్తున్నారా? ముందు ఠాణా సంగతులు

విశాఖ, విజయనగరం నుంచి వచ్చే చాలామంది ఒడిశాలోని కోరాపుట్‌ను అరకుకి కొనసాగింపే అనుకుంటారు. అవే కొండలు, అదే చలి. జయపురం బజార్లో బేరం తెలుగులోనే తెగుతుంది. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర తెలుగు వినిపించని పూట ఉండదు. భాష మారలేదు కదా, చట్టం మాత్రం ఎందుకు మారుతుందిలే అనుకుని వచ్చేస్తారు. కేంద్ర చట్టాల వరకు ఆ మాట నిజమే. కానీ ఎక్సైజు నిబంధనలు, గిరిజన ప్రాంతాల ఆంక్షలు, ఏ పనికి ఏ ఠాణాకి వెళ్లాలన్నది మాత్రం సరిహద్దు దగ్గరి సుంకి ఘాట్ ఎక్కగానే మారిపోతాయి.

బండి కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు డిజిలాకర్‌లో గానీ ఎం-పరివాహన్‌లో గానీ చూపిస్తే చెల్లుతాయి. ఫోన్లో తీసుకున్న ఫొటో చెల్లదు. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ యాప్‌లను సాలూరులోనే తెరిచి పెట్టుకోండి, లేదా అసలు కాగితాలే దగ్గరుంచుకోండి. మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరే. అది లేకపోతే జరిమానా రూ. 10,000 దాకా పడొచ్చు, ఒడిశాలో దీన్ని గట్టిగానే చూస్తారు. బైకు మీద వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలి. ట్యాక్సీలో వస్తుంటే ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని బయల్దేరే ముందే డ్రైవర్ని అడగండి. లేకపోతే తాత్కాలిక పర్మిట్, పన్ను కట్టుకుని రావాలి. తెల్ల నంబరు ప్లేటు కారును అద్దెకి తీసుకుని రావద్దు. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే జరిమానా రూ. 10,000. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు కంపెనీ ముందుగా పట్టుకునేది కూడా దాన్నే.

2017లో జీఎస్టీ వచ్చాక సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు పోయాయి. చెక్‌పోస్టులు లేవు కాబట్టి తనిఖీలు కూడా లేవని కొందరి ధీమా. పోలీసులు, ఎక్సైజు, అటవీ శాఖ ఎవరి తనిఖీలు వాళ్లవే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొండ ఎక్కేటప్పుడు మిమ్మల్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దిగేటప్పుడు డిక్కీ తెరిపిస్తారు. ఎందుకంటే గంజాయి కొండల నుంచి మైదానానికే దిగుతుంది.

గంజాయి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విహారానికని వచ్చిన కుర్రాళ్ల జీవితాలు నిజంగా పాడయ్యేది ఇక్కడే. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) దేశమంతటికీ ఒకటే. 1 కిలో లోపైతే చిన్న పరిమాణం: ఏడాది దాకా జైలు, రూ. 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆపైన 20 కిలోల లోపైతే 10 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది. అక్కడ కనీస శిక్షే 10 ఏళ్లు, 20 ఏళ్ల దాకా పోవచ్చు. ఆ కేసులో 37వ సెక్షన్ అడ్డం పడుతుంది కాబట్టి బెయిల్ చాలా కష్టం. "తాగడానికే తెచ్చుకున్నాం, అమ్మడానికి కాదు" అన్నా దగ్గర పెట్టుకున్నందుకు పై శిక్షలు తప్పవు. తాగినందుకు వేరేగా ఆరు నెలల దాకా ఉంది.

చిత్రకొండ, సీలేరు, పాడువా, పొట్టంగి దారుల్లో ముక్కూ ముఖం తెలియని వాళ్లకి లిఫ్ట్ ఇవ్వకండి. మనిషి మీద దయ ఉంటే మంచినీళ్ల సీసా ఇవ్వండి, సంచి మాత్రం ఎక్కించుకోకండి. "ఈ బ్యాగు సాలూరు కాంప్లెక్స్ దగ్గర మా తమ్ముడికి ఇచ్చేయండి" అని బస్సులో ఎవరైనా బతిమాలితే వద్దనండి. మీ దగ్గర సరుకు దొరికితే అది మీదేనని, తెలిసే తెచ్చారని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకునే బరువు మీ మీదే పడుతుంది. బండిని కూడా జప్తు చేస్తారు, తనకు తెలియకుండా జరిగిందని యజమాని నిరూపించుకోవాలి. కిరండూల్-విశాఖ రైల్లో మీ సీటు కింద ఎవరిదో సంచి కనిపిస్తే కాలితో పక్కకి నెట్టి ఊరుకోకండి. 139కి ఫోన్ చేయండి, లేదా టీటీఈకి చెప్పండి.

సోదా విషయంలో మీకున్న హక్కు కూడా తెలుసుకోండి. ఎన్‌డీపీఎస్ కింద మీ ఒంటిని వెతకాలంటే, గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ వెతికించుకునే హక్కు మీకుందని ముందుగా చెప్పాలి. అది 50వ సెక్షన్. అయితే అది ఒంటికే వర్తిస్తుంది, బ్యాగుకీ డిక్కీకీ కాదు. కారు తెరవనని రోడ్డు మీద వాదన పెట్టుకుంటే అనుమానం పెరగడం తప్ప ఒరిగేది ఉండదు. ఆడవాళ్లను ఆడ పోలీసే సోదా చేయాలి. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 105వ సెక్షన్ ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలి. "రికార్డు అవుతోందా సార్?" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. పంచనామా ఒడియాలో రాస్తారు. చదివి వినిపించమనండి, అర్థం కాకుండా సంతకం పెట్టకండి.

మందు సంగతి. ఒడిశాలో తాగే వయసు 21. ఇక్కడ కొన్న సీసాల మీద పన్ను చేరింది ఒడిశా ఖజానాకి. ధర తేడా చూసి నాలుగు సీసాలు డిక్కీలో వేసుకుని దిగితే, ఆంధ్ర ఎక్సైజు లెక్కలో అది పర్మిట్ లేని పరాయి రాష్ట్రపు మద్యం. సీసాలతో పాటు బండీ పోతుంది. సంతలో అమ్మే ఇప్ప సారా, జీలుగు కల్లు గిరిజనుల ఇళ్లలో, పండగల్లో తాగేవి. వాటిని ప్లాస్టిక్ సీసాలో పట్టుకుని సరిహద్దు దాటితే నాటుసారా కేసే. తాగి బండి నడిపితే మొదటిసారే రూ. 10,000 దాకా జరిమానా లేదా ఆరు నెలల జైలు. పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. సుంకి మలుపులు తెలిసిన వాళ్లకి ఈ అంకెతో కూడా పనిలేదు.

ఇప్పుడు సంతలు. గురువారం ఒనకఢిల్లీలో బొండా తెగవాళ్లు దిగుతారు, బుధవారం చాటికోనలో డొంగ్రియా కొంధు తెగవాళ్లు. కెమెరాలు వేలాడేసుకుని వచ్చే జనంలో సగం మందికి తాము ఏం చేస్తున్నారో తెలియదు. ఒడిశాలో ప్రత్యేకంగా దుర్బలమైనవిగా గుర్తించిన తెగలు 13. వాళ్ల పల్లెల్లోకి పర్యాటకులు చొరబడటం, ఫొటోలు, వీడియోలు తీయడం, రాత్రి ఉండటం మీద ప్రభుత్వం 2012లో ఆంక్షలు పెట్టింది. ఆ ఏడాది మార్చిలోనే కంధమాల్-గంజాం అడవుల్లో ఇద్దరు ఇటలీ దేశస్థులను మావోయిస్టులు ఎత్తుకెళ్లారు. అప్పటి నుంచి విదేశీయులు ఈ లోపలి ఊళ్లకి వస్తున్నారంటే అధికారుల చూపు గట్టిగానే ఉంటుంది. సంతలో నిలబడి చూడటం, పూసలు కొనడం వేరు. ఖైరపుట్ దాటి ముదులిపడ వైపు బొండాల ఇళ్లలోకి వెళ్లడం వేరు. యూట్యూబ్ కోసం డబ్బులిచ్చి నాట్యం చేయించడం పూర్తిగా వేరు, అది నా కంటికి ముష్టి వ్యాపారంలా ఉంటుంది. వాగు దగ్గర స్నానం చేస్తున్న ఆడవాళ్లను తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద ఏడాది నుంచి మూడేళ్ల జైలు. పైగా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తోడైతే ముందస్తు బెయిల్ దారి మూసుకుపోతుంది. బొండా మగవాళ్ల చేతుల్లో విల్లంబులు అలంకారానికి ఉండవు. సాయంత్రం సంత విడిచి, సారా తాగి ఇంటిదారి పట్టే వేళ వాళ్లను ఆపి సెల్ఫీలు అడగకండి.

సంతలో రామచిలుకలు అమ్మితే కొనకండి, అవి వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి. పులిగోరు, అలుగు పొలుసు అని ఎవరైనా చూపిస్తే అక్కడ ఆగకుండా వెళ్లిపోండి. అది నకిలీదైనా, దాన్ని విచారించే వరకు మీరు అటవీ శాఖ అతిథులే.

కెమెరా గురించే ఇంకో మాట. సునాబెడ హెచ్ఏఎల్ ఇంజన్ల ఫ్యాక్టరీ, మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం, బలిమెల డ్యామ్, దారిలో బీఎస్ఎఫ్ క్యాంపులు, వీటి వైపు లెన్సు తిప్పకండి. డుడుమ జలపాతం దగ్గర ఆంధ్ర, ఒడిశా రెండూ కలిసి నడిపే ప్రాజెక్టు ఉంది కాబట్టి ఏ గేటు ఎవరిదో కాపలావాళ్లను అడిగి వెళ్లండి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నంత మాత్రాన దేవమాలి కొండ మీద ఎగరేయొచ్చని కాదు. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో రంగు చూసి, స్థానిక ఠాణాలో అడిగి ఎగరేయండి. అమెరికా నుంచి వచ్చిన బావగారి బ్యాగులో గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం ఉంటే ఇంట్లోనే పెట్టించండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా అది మన దేశంలో నేరం. మావోయిస్టు ప్రాంతమని పేరుపడ్డ అడవిలో అది దొరికితే ట్రెక్కింగ్ కోసమని చెప్పినా చాలాసేపు కూర్చోవాలి.

చిత్రకొండ అవతల, బలిమెల జలాశయం వల్ల విడిపోయిన పల్లెల ప్రాంతం స్వాభిమాన్ అంచల్‌కి ఇప్పుడు గురుప్రియ వంతెన మీదుగా వెళ్లొచ్చు. 2018లో ఆ వంతెన తెరిచేదాకా బలిమెల జలాశయంలో లాంచీయే దిక్కు. 2008లో 38 మంది పోలీసులు చనిపోయిన దాడి ఆ నీళ్ల మీదే జరిగింది. ఇప్పుడు పరిస్థితి వేరు. అయినా అక్కడ ఆపి అడిగేది ఠాణా పోలీసు కాకపోవచ్చు. బీఎస్ఎఫ్ వాళ్లకి తెలుగు రాదు, హిందీలో మాట్లాడండి. పేరు, ఊరు, హోటల్ పేరు, ఎప్పటికి వెనక్కి వెళ్తారు, ఈ నాలుగూ చెబితే సరిపోతుంది. వాళ్లు కేసు కట్టరు, అవసరమైతే ఠాణాకి అప్పగిస్తారు. చీకటి పడేలోపు వెనక్కి తిరగండి.

ఒడిశా ఠాణాలో "సీఐ గారున్నారా" అంటే తెల్లమొహం వేస్తారు. పెద్ద ఠాణాకి అధిపతి ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జ్), చిన్నదానికి ఓఐసీ (ఆఫీసర్ ఇన్‌ఛార్జ్). అవుట్‌పోస్టుని ఫాండి అంటారు. ఆపైన సబ్‌డివిజన్ పోలీసు అధికారి (ఎస్‌డీపీఓ), తర్వాత ఎస్పీ. ఫోన్ పోయినా, పర్సు పోయినా ఠాణా డైరీలో రాయించుకోవడాన్ని మన దగ్గర జీడీ (జనరల్ డైరీ) ఎంట్రీ అన్నట్టే ఇక్కడ ఎస్‌డీ (స్టేషన్ డైరీ) ఎంట్రీ అంటారు. నంబరు, తేదీ, ముద్ర ఉన్న కాపీ లేకుండా బయటికి రాకండి. ఫోన్‌ని టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించాలన్నా ఆ కాపీ కావాలి. ఫిర్యాదు ఇంగ్లీషులో రాసుకెళ్లడం మేలు. తెలుగు తెలిసిన పోలీసు దొరకొచ్చు గానీ, తెలుగు చదివే రైటరు దొరకడం అదృష్టం.

దొంగతనం ఒడిశాలో జరిగింది, మీరు గమనించింది విజయనగరం చేరాక. "అక్కడికే వెళ్లి ఇచ్చుకోండి" అనడానికి వీల్లేదు. బీఎన్ఎస్ఎస్ 173 ప్రకారం కేసు కట్టదగిన నేరమైతే ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత సంబంధిత ఠాణాకి పంపేది వాళ్లే. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కాపీ ఉచితం. తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. కొటియా పల్లెల్లో ఇది మరీ పనికొస్తుంది. ఆ ఊళ్లు తమవేనని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లో సుప్రీంకోర్టుకెళ్లిన తగాదా ఇంకా తెగలేదు, ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. అక్కడ ఏదైనా జరిగితే ఊరు ఎవరిదని వాదించకుండా, దగ్గరగా ఉన్న ఠాణాకి వెళ్లండి.

112కి ఫోన్ చేసేటప్పుడు ఒక చిక్కుంది. సరిహద్దులో మీ ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుందో దాన్ని బట్టి కాల్ అవతలి రాష్ట్రపు కంట్రోల్ రూమ్‌కి పోవచ్చు. అందుకే కష్టం చెప్పకముందే రాష్ట్రం, జిల్లా, దగ్గరి ఊరు చెప్పండి. జిల్లా ఎస్పీ కంట్రోల్ రూమ్ నంబరు బయల్దేరే ముందే రాసుకుంటే ఇంకా మంచిది.

యాక్సిడెంట్ అయితే, ఘాట్ దిగువ పల్లెల్లో మేకకో మనిషికో తగిలితే, అక్కడే నిలబడి డబ్బు బేరం పెట్టకండి. గాయపడ్డవాళ్లని ఆస్పత్రికి చేర్చడం డ్రైవర్ బాధ్యత. జనం మీద పడే ప్రమాదం ఉంటే నేరుగా ఠాణాకి వెళ్లొచ్చు, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ దానికి వెసులుబాటు ఇస్తుంది. ఎలాగైనా 24 గంటల్లో పోలీసులకి చెప్పాలి. పెద్ద దెబ్బలైతే కోరాపుట్‌లో లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఎఫ్ఐఆర్ కాపీ రెండూ తీసుకోండి. నష్టపరిహారం కేసు కోసం ఒడిశా చుట్టూ తిరగనక్కర్లేదు, మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. బండి ఠాణాలో ఉండిపోతే మాత్రం ఇక్కడి కోర్టులోనే బీఎన్ఎస్ఎస్ 497 లేదా 503 కింద పిటిషన్ వేసి విడిపించుకోవాలి. దానికి ఆర్సీలో పేరున్న మనిషే రావాలి. స్నేహితుడి కారు తెచ్చుకున్నవాళ్లు ఆ స్నేహితుడికి ముందే చెప్పి ఉంచండి. లాయరుకి ఇచ్చే స్థోమత లేకపోతే 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చూస్తుంది.