వాడిందని నీళ్లు పోశాను: నా ఫ్యూషియా బోన్సాయ్ అనుభవం

మాది కడియం. నాన్నకు చిన్న నర్సరీ ఉండేది కాబట్టి అంట్లు కట్టడం, కుండీలు మార్చడం చూస్తూనే పెరిగాను. మొక్క వాడితే నీళ్లు పోయాలి, ఇది మా ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేని సంగతి. ఇంగ్లండ్‌లో లీడ్స్‌కి వచ్చాక ఫ్యూషియా అనే ఒక పూలమొక్క దగ్గర ఆ అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది.

2021 మార్చిలో పక్కింటి పెద్దావిడ ఇల్లు మారుతూ, పెరట్లో ఉన్న పాత ఫ్యూషియా పొదను తవ్వి తీసుకెళ్లమన్నారు. టామ్ థంబ్ అనే పొట్టి రకం. పువ్వు అచ్చం బుట్టకమ్మలా కిందికి వేలాడుతుంది. పైన నాలుగు ఎర్ర రేకులు విచ్చుకుని ఉంటాయి, వాటి కింద ఊదారంగు గంట, గంటలోంచి సన్నటి కేసరాలు. కానీ నా చూపు పూల మీద కాదు, మొదలు మీద పడింది. బొటనవేలి కన్నా లావుగా, బెరడు పొరలుగా లేచి, చిన్న చెట్టు మానులాగే ఉంది. బోన్సాయ్, అంటే కుండీలో పొట్టిగా పెంచే చెట్టు, చేద్దామని అప్పుడే అనుకున్నాను. బోన్సాయ్‌లో ఆకు సైజు తగ్గించవచ్చు గానీ పువ్వు సైజు తగ్గదు. పెద్ద పూల రకమైతే అడుగు ఎత్తు చెట్టుకి అసలు నప్పదు. ఇది చిన్న పూల రకం కావడం నా అదృష్టం.

మొదటి ఏడాది వేళ్లు కత్తిరించి, కొమ్మలన్నీ పొట్టిగా కోసి, లోతైన కుండీలో వదిలేశాను. కొమ్మను కావలసినట్టు వంచడానికి లోహపు తీగ చుట్టే పని మాత్రం జాగ్రత్తగా చేయాలి. ముదిరిన కొమ్మను వంచితే పుటుక్కున విరుగుతుంది. లేత కొమ్మకే వదులుగా చుట్టి, కొన్ని వారాల్లోనే తీసేయాలి. త్వరగా లావెక్కే మొక్క కాబట్టి ఆలస్యమైతే తీగ గాటు పడిపోతుంది. 2022 వసంతంలో లోతు తక్కువ కుండీలోకి మార్చాను.

ఆ జూలైలో ఎండలు ముదిరాయి. జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఈ దేశంలో 40 దాటడం అదే మొదటిసారి. కడియంలో పెరిగిన నాకు అది ఎండే కాదు. ఫ్యూషియా మాత్రం చల్లటి కొండగాలి మొక్క, 30 దాటితేనే దానికి కష్టం. మధ్యాహ్నానికి ఆకులన్నీ తోటకూర కాడల్లా వేలాడిపోయాయి. నీళ్లు పోశాను. గంట తర్వాత చూస్తే అలాగే ఉంది, మళ్లీ పోశాను. సాయంత్రం ఇంకోసారి. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి మొగ్గలన్నీ రాలిపోయి, కింది ఆకులు పసుపెక్కాయి.

మట్టి అప్పటికే తడిగా ఉంది. ఆకులోంచి నీరు ఎంత వేగంగా పోతోందో అంత వేగంగా వేళ్లు అందించలేకపోయాయి, అందుకే వాడింది. మీదమీద నీళ్లు పోసి, వేళ్లకు ఉన్న గాలి కూడా ఆడకుండా చేశాను. నేను చేయాల్సింది ఒక్కటే: ఉత్తరం గోడ నీడలోకి జరిపి, చుట్టూ తడి చల్లి వదిలేయడం. అలా చేశాక రాత్రికల్లా ఆకులు లేచి నిలబడ్డాయి. నాన్నకు ఫోన్‌లో చెబితే, "మట్టి ముట్టుకుని చూడకుండా పోశావా అమ్మా?" అన్నారు. ఆ మాట గట్టిగా తగిలింది.

అక్టోబరులో మళ్లీ వాడింది. ఈసారి ఎండ లేదు, పైగా చలి మొదలైంది. వేలు పెట్టి చూస్తే మట్టి తడిగానే ఉంది. నీళ్లు పోయకుండా మాను పట్టుకుని మెల్లగా కదిపాను. ఊగింది! పైకి లాగితే మొక్క మొక్కంతా చేతిలోకి వచ్చేసింది. సన్న వేళ్లు ఒక్కటీ లేవు. మట్టిలో తెల్లటి పురుగులు, గోధుమరంగు తలతో, నెలవంకలా ముడుచుకుని ఉన్నాయి. కూర్చుని ఒక్కొక్కటే ఏరితే 23 తేలాయి. ఇక్కడ వీటిని వైన్ వీవిల్ అంటారు. పెద్ద పురుగు రాత్రిపూట ఆకుల అంచులు కొరుకుతుంది, పిల్ల పురుగులు మట్టిలో వేళ్లు తింటాయి. వేసవిలోనే ఆకు అంచున, కండక్టర్ టికెట్‌కి గాటు పెట్టినట్టు, గుండ్రటి కోతలు చూశాను. ఏ గొంగళిపురుగో తిని ఉంటుందిలే అనుకున్నాను.

వేళ్లన్నీ కడిగి, పాత మట్టి పారేసి, మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి పెరలైట్ రేణువులు ఎక్కువ కలిపిన కొత్త మట్టిలో పెట్టాను. తక్కిన వేళ్లు మోయగలిగినన్ని కొమ్మలే ఉంచి మిగతావి కోసేశాను. చలికాలమంతా గడ్డకట్టని గ్యారేజీలో ఉంచి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా పదిరోజులకోసారి కాస్త తడిపాను. ఆకు ఒక్కటి లేదు. ఫిబ్రవరిలో గోటితో బెరడు గీరి చూస్తే కింద పచ్చగా కనిపించింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనయింది.

2023లో అధిక శ్రావణం రావడంతో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25కి వెళ్లింది. ఆ రోజుకి పూయించాలని పట్టుబట్టాను. ఫ్యూషియా కొత్త చిగురు మీదే పూస్తుంది. రెండు మూడు జతల ఆకులు రాగానే కొస తుంచితే, ఒక్క కొమ్మ రెండవుతుంది. కానీ తుంచిన ప్రతిసారీ పూత వెనక్కి పోతుంది. ఈ రకానికి ఎనిమిది తొమ్మిది వారాలు పట్టవచ్చని లెక్కేసుకుని, జూన్ 23న ఆఖరిసారి తుంచి చేయి ఆపుకున్నాను. మొగ్గ కనిపించాక పొటాష్ ఎక్కువున్న టమాటా ఎరువు పలచగా ఇచ్చాను. ఆగస్టు 20కి మొదటి పువ్వు విచ్చింది. వ్రతం రోజుకి లెక్కపెడితే పదకొండు. కోయబుద్ధి కాలేదు, కుండీనే పీట పక్కన పెట్టి పూజ చేసుకున్నాను.

పువ్వు రాలాక దాని వెనక చిన్న కాయ మిగులుతుంది. దాన్నీ తుంచేయాలి, లేకపోతే పూత తగ్గుతుంది. ఆగస్టు చివర్లో ఆ వీవిల్ పిల్ల పురుగుల్ని చంపే నెమటోడ్లను (కంటికి కనిపించనంత సన్నటి నులిపురుగులు) నీళ్లలో కలిపి అన్ని కుండీల్లోనూ పోస్తాను. ఈ ఏడాది పాకెట్ వచ్చింది, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. శనివారం సాయంత్రం ఎండ తగ్గాక పోయాలి.