మంగలి కత్తి, 19వ షేవ్: అంచు మీద అనుమానం, నీళ్లలో దోషం

ఈరోజు గడ్డాన్ని చివరికి వదిలినా, దాని కింద కత్తి మొట్టమొదటిసారి లాగకుండా సాగింది! బుగ్గలు, మెడ ఎప్పుడో కుదిరాయి, ఎడమ చేత్తో పట్టడమూ అలవాటైంది. మిగిలిన ఆ ఒక్క చోటు మాత్రం పదకొండు షేవ్‌లు తినేసింది. అందుకే దాని సంగతి పూర్తిగా రాసి పెడుతున్నాను.

కత్తి జర్మనీలోని జోలింగెన్‌ది, 6/8 (అలుగు వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతుల్లో), ఫుల్ హాలో (పక్కలు లోతుగా గుల్లచేసి పలచబరిచిన అలుగు). కుడి బుగ్గతో మొదలుపెడితే హాయిగా దిగేది. గడ్డం దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకలు పీకినట్టు ఉండేది. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు అంచు మీదే అనుమానం. 8000, 12000 నంబరు నున్నటి సానరాళ్ల మీద మూడుసార్లు పట్టాను. వెన్ను మీద ఒక పొర టేపు, 12000 మీద 40 లాప్‌లు (పోనూ రానూ కలిపి ఒకటి), ఆపైన తోలు మీద 60. పదును పరీక్షకి వేలాడదీసిన వెంట్రుక హీల్ (పిడి వైపు) నుంచి టో (మొన) దాకా ఎక్కడ పెట్టినా తెగుతోంది. గడ్డం దగ్గర మాత్రం మళ్లీ అదే లాగుడు.

14వ షేవ్‌లో వరస తిరగేశాను. గడ్డం ముందు, కుడి బుగ్గ చివర. గడ్డం నున్నగా వచ్చింది, కుడి బుగ్గ లాగింది! చివరికి ఏది మిగిలితే అది లాగుతోందన్నమాట. సేఫ్టీ రేజర్‌తో మొదటి పాస్‌కి (ముఖమంతా ఒకసారి గీయడానికి) రెండున్నర నిమిషాలు పడితే, కత్తితో ఇప్పటికీ పదకొండు పడుతోంది. నురగ నాలుగో నిమిషానికే చచ్చిపోతోంది. సేఫ్టీ రేజర్ రోజుల్లో ఆ లోపే పని అయిపోయేది కాబట్టి బయటపడలేదు.

అద్దానికి దగ్గరగా నిలబడి, కత్తి పెట్టకుండా నురగనే చూశాను. మొదట గడ్డ పెరుగు మీది మీగడలా మెరుస్తుంది. మూడో నిమిషంలో మెరుపు పోతుంది. నాలుగుకి సూదిమొనంత బుడగలు ఆవగింజంత అవుతాయి. ఆరుకి గంజి పెట్టి ఆరేసిన గుడ్డలా బిగుసుకుంటుంది, వేలు పెడితే జారదు. గిన్నె అంచున బూడిదరంగు జిడ్డు వలయం. బోరు నీళ్ల బకెట్టుకి పట్టే తెట్టు ఇదే.

లెక్కలు. బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాలన్నీ కలిపి) 910. చుక్కల కిట్‌తో చూస్తే కాఠిన్యం (అందులో కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకి 520 మిల్లీగ్రాములు (తాగేనీటికి బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, మేలన్న హద్దు 200, గత్యంతరం లేకపోతే 600). టీడీఎస్ మీటరు ఒక్కటే నమ్ముకోవద్దు. సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తీసే పరికరం) పెట్టాక కాల్షియం పోయి దాని చోట సోడియం వస్తుంది, మీటరు అంకె దాదాపు అలాగే ఉంటుంది. అది చూసి సాఫ్ట్‌నర్ దండగ అనుకునేవాళ్లు చాలామంది. సబ్బు 1.2 గ్రాములు, నీళ్లు 20 మిల్లీలీటర్లు. ఆ 20 మిల్లీలీటర్లలోని కాల్షియం, మెగ్నీషియం కలిసి తినగలిగే సబ్బు 65 మిల్లీగ్రాములకి మించదు. ఇరవైలో ఒక వంతు పోతే నురగ చావకూడదు. సబ్బు 2 గ్రాములకి పెంచితే దక్కింది ఒక్క నిమిషం. నా ఊహ ఏమిటంటే, నష్టం పోయిన సబ్బు వల్ల కాదు, దాని నుంచి పుట్టిన తెట్టు వల్ల. ఆ తెట్టులోని కాల్షియం సబ్బు రేణువులకి బుడగ గోడల్ని పగలగొట్టే గుణం ఉంది.

నీళ్లు మరగబెట్టి, తేర్చి వాడితే కాఠిన్యం 330కి దిగింది. నురగ ఐదు నిమిషాలు. మరిగిస్తే బైకార్బొనేట్ల భాగమే పోతుంది, సల్ఫేట్లు, క్లోరైడ్లు కదలవు. ఆర్వో నీళ్లు (టీడీఎస్ 45) వాడినా ఆరు నిమిషాలే! పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్లతోనూ అంతే. ఇక్కడే రెండు వారాలు ఇరుక్కుపోయాను.

దొంగ బ్రష్‌లో ఉన్నాడు. గిన్నెలోకి ఆర్వో నీళ్లు పోస్తున్నాను గానీ, బ్యాడ్జర్ (ఒక జంతువు) వెంట్రుకల బ్రష్‌ని నానబెడుతున్నది కుళాయి కింద. పిండేసి దులిపాక కూడా 24 మి.మీ. ముడిలో (వెంట్రుకల కట్టలో) 9 గ్రాముల నీళ్లు మిగులుతున్నాయి, తూచాను. అంటే నురగలో మూడో వంతు బోరు నీళ్లే. పైగా వెంట్రుకల మొదట్లో నెలల నాటి తెట్టు.

చేసింది ఇది. ఒక వంతు వెనిగర్, పది వంతుల ఆర్వో నీళ్లు కలిపి ముడిని పది నిమిషాలు ముంచాను. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలతో అరచేతిలో రుద్దితే మురికి నీళ్లు దిగాయి. జిడ్డు పోయేదాకా ఆర్వో నీళ్లతోనే కడిగాను. ఇప్పుడు నానబెట్టడం, కలపడం, సబ్బు పెట్టే ముందు ముఖం తడపడం, చివర్లో బ్రష్ కడగడం అన్నీ ఆర్వోతోనే. షేవ్‌కి అర లీటరు చాలు. నురగ 13 నిమిషాలు నిలిచింది. కత్తికి రాయి తగిలించలేదు.

ఒక హెచ్చరిక: నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) నేరుగా నురగలో కలపొద్దు. ఆమ్లం తగిలితే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లం తేలుతుంది. నిమ్మ ఉప్పుని వంట సోడాతో తటస్థం చేస్తే సోడియం సిట్రేట్ వస్తుంది, అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. నా నీళ్ల లెక్కకి లీటరుకి నిమ్మ ఉప్పు 1 గ్రాము, సోడా 1.3 గ్రాములు. పొంగు ఆగాక వాడాలి. రెట్టింపు మోతాదుతో ఒకసారి చూస్తే తొమ్మిది నిమిషాలు నిలిచింది. ఊళ్లకి వెళ్లినప్పుడు ఇదే నయం.

ట్యూబు క్రీములు ఈ నీళ్లలోనూ బాగా నురగడానికి కారణం చాలావాటి వెనుక రాసే ఉంటుంది: ఈడీటీఏ, ఇదీ కాల్షియాన్ని పట్టి ఉంచేదే. అయినా కత్తి కింద జారుడుకి గట్టి సబ్బే నా ఓటు. సేఫ్టీ రేజర్ రోజుల్లో మెర్కుర్ 34సీ రేజర్, ఆకుపచ్చ ఆస్ట్రా బ్లేడు జోడీ మార్చాల్సిన అవసరం కనిపించలేదు. ఫెదర్ బ్లేడు మాత్రం చెయ్యి తిరిగాకే.

తర్వాత సింథటిక్ బ్రష్ తెప్పించాలి. నీళ్లు తక్కువ పట్టుకుంటుంది, తెట్టు కూడా తేలిగ్గా వదులుతుంది. టబాక్ షేవింగ్ సబ్బుని బోరు నీళ్లలోనే పరీక్షించాలి. నురగ నిలుస్తోంది కాబట్టి రెండో పాస్ వెంట్రుకలకి అడ్డంగా, ముందు బుగ్గల మీద మాత్రమే. పై పెదవికి స్పైక్ పాయింట్ (సూది మూల) వద్దు, రౌండ్ టో (గుండ్రటి మొన) ఉన్న 5/8 ఒకటి వెతుకుతున్నాను.