పూలకొట్టు నుంచి శ్మశానం దాకా: నాన్నతో షికాగోలో ఒక రోజు

నాన్న బెజవాడ నుంచి వచ్చిన రెండో వారానికే అడిగారు: "ఏరా, ఆ గ్యాంగ్ లీడర్ అల్ కపోన్ తిరిగిన చోట్లు చూపించవా?" మిలీనియం పార్కు, లేకూ అప్పటికే అయిపోయాయి. టూరు బస్సెక్కిస్తే పనైపోయేది. నేనే చూపిస్తానని బడాయి పోయి, వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని తేదీలు రాసుకున్నాను.

మొదట్లోనే తప్పటడుగు వేశాను. అందరూ చెప్పుకునే చోటు కదా అని ముందు నార్త్ క్లార్క్ స్ట్రీట్‌లో 2122 నంబరు దగ్గరికి తీసుకెళ్ళాను. 1929 ఫిబ్రవరి 14న అక్కడి గ్యారేజీలో ఏడుగురిని గోడకేసి నిలబెట్టి కాల్చేశారు. కాల్చినవాళ్ళలో ఇద్దరు పోలీసు యూనిఫారంలో వచ్చారు. ఆ కట్టడాన్ని 1967లో పడగొట్టారు. ఇప్పుడక్కడ చూడ్డానికి గడ్డి తప్ప ఏమీ లేదు. నాన్న ఆ గడ్డి వంక చూసి, "అసలు గొడవ దేనికొచ్చిందిరా?" అన్నారు. నీళ్ళు నమిలాను. కథ చివర్నుంచి మొదలుపెడితే అంతే మరి.

సరే, మళ్ళీ మొదటికొచ్చి స్టేట్ స్ట్రీట్‌కి వెళ్ళాం. హోలీ నేమ్ కెథెడ్రల్‌కి ఎదురుగా ఒకప్పుడు పూలకొట్టు ఉండేది. అందులో భాగస్తుడు డీన్ ఒబానియన్. పైకి పూలు, లోపల సారా. 1920లో మద్యనిషేధం వచ్చాక ఊరికి ఉత్తరాన బీరు వ్యాపారం అతనిది, దక్షిణాన జానీ టోరియోది. టోరియో కుడిభుజం కపోన్. 1924 మేలో ఒబానియన్ ఒక బ్రూవరీలో (బీరు తయారుచేసే చోటు) తన వాటాని టోరియోకి అంటగట్టాడు. దానిమీద పోలీసులు పడబోతున్నారని ఒబానియన్‌కి ముందే తెలుసు. టోరియో అడ్డంగా దొరికిపోయాడు. ఆ నవంబరు 10న ముగ్గురు పూలకొట్టుకి వచ్చారు. ఒకడు ఒబానియన్‌తో చెయ్యి కలిపి, పట్టిన చెయ్యి వదల్లేదు. మిగతావాళ్ళు కాల్చారు.

నాన్న రోడ్డుకి అటూ ఇటూ చూసి, "బీసెంట్ రోడ్డులో ఈ కొట్టు నుంచి ఆ కొట్టుకున్నంత దూరం కూడా లేదే గుడికి" అన్నారు.

1925 జనవరిలో ఒబానియన్ ముఠావాళ్ళు టోరియోని అతని ఇంటి ముందే కాల్చారు. బతికాడు గానీ, ఇక చాలనుకుని మొత్తం కపోన్ చేతిలో పెట్టి తప్పుకున్నాడు. కపోన్‌కి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. నేనీ తిరుగుడంతా పెట్టుకున్నది నిజానికి ఇక్కణ్ణుంచి జరిగింది చూపించడానికే. గ్యాంగ్ లీడరంటే దర్జాగా ఊరేగేవాడనుకుంటాం. ఇతనికి ఉక్కు రేకులు తాపడం చేసిన కారు, ఎక్కడికెళ్ళినా చుట్టూ మనుషులు. 1926 సెప్టెంబరు 20న షికాగో పక్కనున్న సిసెరోలో తన మకామైన హోథార్న్ హోటల్‌లో భోంచేస్తుంటే ముందొక కారు ఉత్తుత్తి కాల్పుల శబ్దాలు చేస్తూ పోయింది. ఏమిటా అని లేవబోయిన కపోన్‌ని అంగరక్షకుడు ఫ్రాంక్ రియో మీదపడి నేలకి అదిమేశాడు. వెనకే కార్లు వరసకట్టి వచ్చి వందల తూటాలు కురిపించాయి. రోడ్డుమీద ఒక కారులో కూర్చున్న ఆవిడకి కంట్లో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు కపోనే పెట్టుకున్నాడు.

ఆ హోటలూ లేదిప్పుడు. ఆ చోటుకి ఎదురుగా కారాపి ఇదంతా చెప్పాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంత డబ్బుండీ ఇంటి అరుగుమీద కూర్చునే యోగం లేదన్నమాట" అన్నారు.

"దాడి చేయించిందెవరు?"

"హైమీ వైస్. ఒబానియన్ తర్వాత ఆ ముఠాకి పెద్ద."

"వాడేమయ్యాడు?"

"మూడు వారాలకే, అక్టోబరు 11న, పొద్దున మనం నిలబడ్డ చోటే పోయాడు. కపోన్ మనుషులు పూలకొట్టు పక్కనే గది అద్దెకి తీసుకుని కాపు కాశారు. గుడి గోడకీ తూటాలు తగిలాయి." వైస్‌కి ఇరవై ఎనిమిదేళ్ళే.

పదిరోజులకల్లా ముఠాలన్నీ ఒక హోటల్లో కూర్చుని రాజీ చేసుకున్నాయి. అది కొన్ని నెలలు నిలిచింది. కపోన్ మనుషుల పనేనని చెప్పుకునే క్లార్క్ స్ట్రీట్ హత్యల తర్వాత (పోయిన ఏడుగురూ ఒబానియన్ ముఠాకి సంబంధించినవాళ్ళే), 1929 మేలో, కపోన్ ఫిలడెల్ఫియాలో తుపాకీతో దొరికి ఏడాది శిక్ష వేయించుకున్నాడు. కావాలనే దొరికాడని కొందరంటారు. నాకు నమ్మబుద్ధవుతుంది. ఆ రోజుల్లో అతనికి జైలుకన్నా క్షేమమైన చోటు ఇంకేముంది? 1931లో మాత్రం ఆదాయపు పన్ను కేసులో పదకొండేళ్ళు పడింది, అది అతను కోరుకున్నది కాదు.

చివరగా హిల్‌సైడ్‌లోని మౌంట్ కార్మెల్ శ్మశానం. 1947లో పోయిన కపోన్ అక్కడే ఉన్నాడు. ఒబానియన్, వైస్ కూడా అక్కడే. కపోన్ రాయి దగ్గర ఎవరో చిల్లర డబ్బులు, చుట్టలు పెట్టి పోయారు. నాన్న దానిముందు నిమిషం కూడా నిలబడలేదు. "ఆ పూలకొట్టువాడిదేదిరా?" అంటూ ముందుకు నడిచారు. వెతకడానికి ముప్పావుగంట పట్టింది.

కారెక్కగానే ఇంటికి ఫోన్ చేసి, ముగ్గురూ ఒకే శ్మశానంలో ఉన్నారని అమ్మకి మొదలుపెట్టారు.

"మధ్యాహ్నం అన్నం తిన్నారా లేదా?" అంది అమ్మ.

తినలేదు.