తానానికీ పల్లవికీ మధ్య రెండు సెకన్లు

మొదటి వారం

సీడీ ప్లేయర్ లేజర్ పోయి నాలుగు నెలలైంది. నాన్న కొన్న కచేరీ సీడీలు 140 దాకా ఉన్నాయి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కోటీ ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలు రకం) ఎక్కిస్తున్నాను. సీడీకి సుమారు 300 ఎంబీ, అంతా కలిపి 42 జీబీ. అంటే 64 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. గీతలు పడ్డ సీడీ దొరికితే మాత్రం ఒక్క ట్రాకుకే అరగంట కుస్తీ పడుతుంది. మైలాపూరు ఉక్కపోతలో దాని పక్కన కూర్చోవడం కన్నా పెట్టేసి వెళ్లి కాఫీ తాగి రావడం మేలు.

వినడానికి ముందు సులువైన దారే పట్టాను. ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో పెట్టి, డీఎల్‌ఎన్‌ఏ (ఇంటి నెట్‌వర్క్‌లో పాటలు పంపే పద్ధతి) మీద టీవీ కింది పెట్టెకి పంపడం. ఒక కచేరీలో రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులు. తానం ముగిసి పల్లవి ఎత్తుకునే చోట రెండు సెకన్లు నిశ్శబ్దం. వంటింట్లోంచి నాన్న, "ఏరా, కరెంటు పోయిందా?" అన్నారు.

సీడీలో ఆ ఖాళీ లేదు. తర్వాతి ట్రాకును ముందే అందుకోవడం డీఎల్‌ఎన్‌ఏలో తప్పనిసరి కాదు. మా పెట్టె ఆ పని చేయదు, అంతే. ఇక ఏ ప్లేయర్ వచ్చినా ముందు ఆ తానం దగ్గరే పరీక్ష.

మూడో వారం

ల్యాప్‌టాప్‌లో ఫూబార్2000 అనే ప్లేయర్. పరీక్ష మొదటిసారే పాసైంది. కానీ యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటను స్పీకర్లకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) తెర మీద 48 అని కనిపిస్తోంది, సీడీ ఏమో 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు. శబ్దాలన్నీ కలిపే విండోస్ మిక్సర్ దారిలో మార్చేస్తోందన్నమాట. ఆ మిక్సర్‌ని తప్పించే వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెట్టగానే 44.1 అయింది. తేడా చెవికి తెలిసిందా అంటే, నిజం చెప్పాలంటే, నాకు తెలియలేదు. అయినా అంకె సరిపోయాక మనసు కుదుటపడింది.

చిక్కల్లా ల్యాప్‌టాప్‌తోనే. నేను ఆఫీసుకి పట్టుకెళ్తే ఇంట్లో పాట ఉండదు. రూన్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ చూశాను, డబ్బులు కట్టాలి, పైగా దానికీ ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ కావాలి. వదిలేశాను.

ఐదో వారం

రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, అందులో ఎంపీడీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్. వాల్యూమియో, మూడ్ లాంటి రెడీమేడ్ మ్యూజిక్ సిస్టమ్‌ల లోపల ఉండేదీ అదే కనుక నేరుగా దాన్నే ఎక్కించాను. అవుట్‌పుట్ డిఫాల్ట్‌లో వదిలేస్తే ఇక్కడా 48 ప్రత్యక్షం. డాక్‌ని నేరుగా హార్డ్‌వేర్ పేరుతో చూపించి, మిక్సర్ తీసేశాక 44.1.

మధ్యమధ్యలో టపటపమనే చప్పుళ్లు. రెండు రాత్రులు సెట్టింగులు తిరగేశాను. చివరికి లాగ్ చూస్తే వోల్టేజీ తక్కువని హెచ్చరికలు. రిచీ స్ట్రీట్‌లో చవగ్గా కొన్న అడాప్టర్ నిర్వాకం. పై 4కి సిఫారసు చేసేది 5.1 వోల్టులు, 3 యాంపియర్లు. అది మార్చాక చప్పుడు లేదు.

నాన్న ఫోన్ బ్రౌజర్‌లో ఎంపీడీని నడిపే మైఎంపీడీ పేజీ పెట్టి ఇచ్చాను. మొదటి రోజే ఫిర్యాదు: తానం మీదకి పల్లవి ఎక్కేస్తోందట. నేనే సరదాకి క్రాస్‌ఫేడ్ మూడు సెకన్లు పెట్టి మర్చిపోయాను. సున్నా చేశాక పరీక్ష పాస్.

ఏడో వారం, ఇంకా నడుస్తోంది

అసలు పని ఇప్పుడే మొదలైంది: పేర్లు. సీడీ అట్టల మీద ఇంగ్లీషు స్పెల్లింగులే. తమిళ పద్ధతిలో టీ పక్కన హెచ్ ఉంటే ఒక తోడి, లేకపోతే మరో తోడి. త్యాగరాజస్వామి మూడు రకాలుగా ఉన్నారు. ట్యాగులు, అంటే ఫైల్లో ఉండే పాట వివరాలు, దిద్దే ఎంపీ3ట్యాగ్‌లో అన్నీ తెలుగు లిపిలోకి మారుస్తున్నాను. ఫ్లాక్ ట్యాగులు యూనికోడే కాబట్టి ఇబ్బంది లేదు.

రాగానికి మాత్రం ఎంపీడీలో చోటు లేదు. ఫూబార్‌లో అయితే 'రాగం' అని మనమే ఒక ఫీల్డు పెట్టుకోవచ్చు. ఆలోచించి జానర్ (సంగీత రకం) గడిలో రాగం పేరు రాశాను. అన్నీ కర్ణాటకమే అయినప్పుడు జానర్‌కి వేరే పనేముంది! రాగమాలికకు నాలుగు జానర్లు విడివిడిగా ఇస్తే, ఏ రాగం నొక్కినా ఆ పాట వస్తోంది.

నిన్న సాయంత్రం నాన్న కాంభోజి నొక్కారు. రెండో పాట సగంలో ఆపేసి, "ఇది యదుకుల కాంభోజిరా, అట్ట మీదే తప్పు వేశారు" అన్నారు. ఆ సీడీలో ఇంకో ఐదు ట్రాకులున్నాయి. రాత్రికి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే దిద్దాలి.