టెంటేటివ్‌కూ ఫైనల్‌కూ మధ్య ఆ 15 శాతం ప్లాట్లు

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్లు మొదట అడిగేది ‘హెచ్‌ఎండీఏ అప్రూవల్ ఉందా’ అని. హెచ్‌ఎండీఏ అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, లేఅవుట్లకు అనుమతి ఇచ్చేది అదే. ఉందంటూ బ్రోచర్‌లో ఒక ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్ చూపిస్తారు. అది టెంటేటివ్ లేఅవుట్ నంబరా, ఫైనల్ అయిందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. టెంటేటివ్ అంటే కాగితం మీద గీసిన గీతలకు ఒప్పుకోవడం. ఫైనల్ అంటే ఆ గీతలు నేల మీద రోడ్లుగా, డ్రైనేజీగా, పార్కుగా మారాయని ఒప్పుకోవడం. ఈ రెండింటి మధ్య డెవలపర్‌ను పట్టి ఉంచే తాడు ఒక్కటే: హెచ్‌ఎండీఏ పేరున తనఖా పెట్టిన 15 శాతం ప్లాట్లు. ఆ తాడు ఎంత గట్టిగా ఉంటే కాలనీ అంత బాగుంటుంది.

ఫైలు మొదలయ్యేది భూమి ఏ జోన్‌లో ఉందన్న దగ్గర. హెచ్‌ఎండీఏ మెట్రోపాలిటన్ మాస్టర్ ప్లాన్ 2031 అమల్లోకి వచ్చింది 2013 జనవరిలో. అందులో రెసిడెన్షియల్ ఉంది, పెరి అర్బన్ ఉంది, మల్టిపుల్ యూజ్, మాన్యుఫాక్చరింగ్, కన్జర్వేషన్, బయో కన్జర్వేషన్ ఇలా రంగురంగుల జోన్లున్నాయి. సర్వే నంబర్ ఇచ్చి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకుంటే భూమి దేంట్లో పడిందో తెలుస్తుంది. ఒకే సర్వే నంబర్ సగం రెసిడెన్షియల్‌లో, సగం కన్జర్వేషన్‌లో పడటం అరుదేమీ కాదు. పైగా మాస్టర్ ప్లాన్‌లో గీసిన రోడ్డు పొలం మధ్య నుంచి పోతుంటే ఆ మేరకు జాగా వదలాల్సిందే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘నాలా అయిపోయింది’ అనగానే ఇక ప్లాట్లు వేసుకోవచ్చనుకుంటారు. ఈ నాలా నీళ్లు పారే నాలా కాదు, భూమి మార్పిడి. నాలా కన్వర్షన్ రెవెన్యూ వాళ్ల పని. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా రికార్డులో మార్చడం వరకే దాని పరిధి. జోన్ ప్లానింగ్ వాళ్ల పని. కన్జర్వేషన్ జోన్‌లోని భూమికి నాలా చేయించినా అది కన్జర్వేషన్ జోన్‌లోనే ఉంటుంది, అక్కడ రెసిడెన్షియల్ లేఅవుట్ రాదు. రెండూ వేర్వేరు శాఖలు, వేర్వేరు చట్టాలు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

జోన్ మార్చాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్‌కు దరఖాస్తు పెట్టాలి. అందరూ సీఎల్‌యూ అంటారు. ప్లానింగ్ విభాగం చుట్టుపక్కల వాడకం ఏమిటో, రోడ్డు వెడల్పు ఎంతో, చెరువు, నీళ్ల నాలా, అడవి ఎంత దూరంలో ఉన్నాయో చూసి ప్రభుత్వానికి నివేదిక పంపుతుంది. ప్రభుత్వం సరేనంటే ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి జనం అభ్యంతరాలు అడుగుతారు. అవి పరిశీలించి, చార్జీలు కట్టించుకుని, చివరికి జీవో ఇస్తారు. ఊళ్లో వాళ్లు నోరు విప్పడానికి మొత్తం వ్యవహారంలో చట్టం ఇచ్చిన ఒకే ఒక్క సందు ఈ అభ్యంతరాల గడువు. పక్క పొలం సీఎల్‌యూకి వస్తోందంటే, వాన నీళ్లు ఎటు పోతాయో తెలిసిన రైతు ఆ గడువులో సర్వే నంబర్లతో, ఫొటోలతో రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘మాకు ఇష్టం లేదు’ అన్న కాగితానికి బరువుండదు. ‘ఫలానా సర్వే నంబర్ మీదుగా వాగు పారుతుంది, గ్రామ నక్షలో ఉంది’ అన్నదాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

ఇక నీళ్ల సంగతి. 2012 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. కాలువ, వాగు, నాలా 10 మీటర్ల కన్నా వెడల్పుంటే 9 మీటర్లు, 10 మీటర్ల లోపు అయితే 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే ఎండాకాలంలో నీళ్లు కనిపించే అంచు కాదు, చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే చివరి గీత. ఏప్రిల్‌లో సైటు చూసి ‘చెరువు చాలా దూరం’ అనుకుని కొన్నవాళ్లు ఆగస్టులో అదే చోట మోకాలి లోతు నీళ్లలో నిలబడాల్సి వస్తుంది. ఎఫ్‌టీఎల్ హద్దురాళ్లు ఎక్కడున్నాయో నేల మీద చూడందే టెంటేటివ్ ప్లాన్‌ను నమ్మకూడదు.

ఇదంతా ఎంత లెక్కలో పడుతుందో ఒక నలుచదరపు పదెకరాల ముక్క తీసుకుని చూద్దాం. ఒక్కో వైపు 660 అడుగులు. మొత్తం 48,400 గజాలు. రోడ్లకు సుమారు 30 శాతం, అంటే 14,520 గజాలు పోతాయి. ఖాళీ స్థలానికి 10 శాతం, 4,840 గజాలు. మిగిలేది 29,040 గజాలు. 200 గజాల చొప్పున 145 ప్లాట్లు. ఇప్పుడు ఆ ముక్క మధ్య నుంచి 100 అడుగుల మాస్టర్ ప్లాన్ రోడ్డు అడ్డంగా పోయిందనుకోండి, 7,333 గజాలు, అంటే ఎకరన్నర దానికే పోతుంది. ఒక పక్కంతా పెద్ద చెరువు ఉంటే 30 మీటర్ల బఫర్‌కు మరో 7,200 గజాలు. రైతు దగ్గర ఎకరాల లెక్కన కొని, గజాల లెక్కన అమ్మాల్సిన డెవలపర్‌కు చెమటలు పట్టేది ఇక్కడే. పార్కు కుదించడం, రోడ్డు అడుగు తగ్గించడం, బఫర్‌లోకి ప్లాటు జరపడం లాంటి అడ్డదారులన్నీ ఈ లెక్కలోంచే పుడతాయి.

ఫైలు ఆన్‌లైన్‌లో పెట్టాక భవనాలు, లేఅవుట్ల అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం టెంటేటివ్ లేఅవుట్‌కు 21 రోజుల గడువు. ఆచరణలో ఆలస్యమంతా షార్ట్‌ఫాల్ లేఖల దగ్గరే, అంటే ఫైలులో లోపాలు సరిచేయమని వచ్చే లేఖల దగ్గర. పాస్‌బుక్‌లో ఉన్న విస్తీర్ణానికి, నేల మీద కొలిచినదానికి తేడా వస్తుంది. నక్షలో గీత ఒకచోట, టిప్పన్‌లో (సర్వే కొలతల పత్రంలో) కొలత ఇంకోచోట ఉంటుంది. సైటుకు వచ్చే దారి నక్షలో బండ్ల బాటగా ఉంటుంది గానీ మధ్యలో పక్కవాడి నాలుగు గుంటలు అడ్డం వస్తాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన, అమ్మకూడని అసైన్డ్ భూమి ముక్క ఒకటి కలిసిపోయి ఉంటుంది, ఆ సర్వే నంబర్ రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో కనిపిస్తుంది. హైటెన్షన్ లైన్ కింద ప్లాట్లు గీసేసి ఉంటారు. ఇవన్నీ ఫైలు పెట్టకముందే లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో డీజీపీఎస్ (ఉపగ్రహ సాయంతో కొలిచే) సర్వే చేయించి, నక్ష మీద పరిచి చూసుకుంటే తేలిపోయే విషయాలే. దారి సంగతి ముందు తేల్చుకోవాలని గట్టిగా చెబుతాను. మిగతా లోపాలన్నీ డ్రాయింగ్ మారిస్తే సర్దుకుంటాయి, దారి లోపం పక్క పట్టాదారు సంతకం లేకుండా సర్దుకోదు.

ప్లాన్ ఒప్పుకున్నాక చార్జీలు కట్టమని డిమాండ్ లేఖ వస్తుంది. దానితోపాటే తనఖా. అమ్మకానికి ఉన్న ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హెచ్‌ఎండీఏ పేరున మార్టిగేజ్ డీడ్ చేయాలి. మన పదెకరాల ఉదాహరణలో 4,356 గజాలు, దాదాపు 22 ప్లాట్లు. లేఅవుట్ షీటులో వాటిని గీతలు కొట్టి వేరుగా చూపిస్తారు, పక్కన ప్లాటు నంబర్ల పట్టిక ఉంటుంది. పనులన్నీ పూర్తి చేస్తే అవి విడుదలవుతాయి. చేయకపోతే వాటిని అమ్మి ఆ డబ్బుతో పనులు చేయించవచ్చన్నది దీని వెనకున్న ఆలోచన.

ఆలోచన మంచిదే. దాన్ని నీరుగార్చే పద్ధతి ఏమిటంటే, తనఖాకు పెట్టే ప్లాట్లను డెవలపరే ఎంచి ఇవ్వడం. వీధిపోటు ప్లాటు, మూల తెగిన త్రికోణం ముక్క, లైన్ పక్కది, బఫర్ అంచుది, అన్నిటికన్నా లోపలి వరసలోది ఏరి పెడతాడు. విస్తీర్ణం 15 శాతమే ఉంటుంది గానీ విలువ అందులో సగం ఉండకపోవచ్చు. అలాంటి ప్లాట్లు పోయినా అతనికి పెద్ద బాధ లేదు, పనులు ఎగ్గొట్టడమే లాభమనిపిస్తుంది. తనఖా ప్లాట్లను ప్లానింగ్ అధికారే ఎంచాలి. మెయిన్ రోడ్డు బిట్టు, తూర్పు ముఖం కార్నర్లు, ఒకే బ్లాకులో వరసగా ఉన్నవి తీసుకోవాలి. చేతిలో మంచి ప్లాట్లు ఉంటే డెవలపర్ తనంతట తానే పరుగెత్తి రోడ్లు వేస్తాడు.

రెండో పద్ధతి ఇంకా నష్టం. తనఖాలో ఉన్న ప్లాట్లనే గజం మీద తగ్గింపు ఇచ్చి, నోటరీ అగ్రిమెంట్ మీద అమ్మేస్తారు. ‘ఫైనల్ రాగానే రిజిస్ట్రేషన్’ అంటారు. ఫైనల్ రాకపోతే కొన్నవాడి దగ్గర మిగిలేది ఆ స్టాంపు కాగితం ఒక్కటే. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే మార్టిగేజ్ డీడ్ నంబర్, తేదీ, ప్లాటు నంబర్లు కనిపిస్తాయి. అయిదు నిమిషాల పని. దయచేసి టోకెన్ ఇవ్వకముందే చేయండి.

టెంటేటివ్ మీద మిగతా 85 శాతం అమ్ముకోవచ్చు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంటేనే. 500 చదరపు మీటర్లు దాటినా, 8 ప్లాట్లు దాటినా రెరా తప్పనిసరి. ఆ నంబర్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. రాతకోతల అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ప్రీ లాంచ్ పేరుతో మొత్తం ముందే కట్టమనేవాళ్లు ఈ రెంటినీ తప్పుతున్నట్టే. ఇంకో మాట, టెంటేటివ్ ఉన్న ప్లాటులో ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదు. ఫైనల్ అయ్యాకే.

ఫైనల్‌కు చూసే పనుల్లో ఎక్కువ మోసం జరిగేది రోడ్ల దగ్గర. మట్టి చదును చేసి రోలర్‌తో నీళ్లు చల్లుతూ అణచాలి. దానిపై మొరం, ఆపై కంకర పొరలు, చివరికి తారు లేదా సీసీ. మధ్య పొరలు ఎగ్గొట్టి మొరం మీదే పల్చగా తారు పరిచేస్తే తనిఖీ రోజున నల్లగా నిగనిగలాడుతుంది, మొదటి వానాకాలంలో అంచుల నుంచి పెచ్చులు లేస్తుంది. తెలుసుకోవడం కష్టం కాదు. రోడ్డు అంచు దగ్గర ఒక అడుగు తవ్వి చూస్తే పొరలు కేకు ముక్కలాగా కనబడతాయి, కంకర లేకపోతే అక్కడే తేలిపోతుంది. డ్రైన్లు కూడా అంతే. కట్టడం కడతారు, వాలు ఎటన్నది చూడరు. రెండు బకెట్ల నీళ్లు పై చివర పోసి కింది చివరికి ఎంతసేపట్లో చేరతాయో చూడాలి. డ్రైన్ ఎక్కడ కలుస్తుందో కూడా అడగాలి, చాలా లేఅవుట్లలో అది ప్రహరీ దగ్గరకొచ్చి ఆగిపోతుంది. వీధి దీపాలు, ఓవర్‌హెడ్ ట్యాంకు, ఇంకుడు గుంతలు, చెట్లు, పార్కు కంచె ఎలాగూ లెక్కలో ఉంటాయి.

ఈ మొత్తం ఎగ్గొట్టిన లేఅవుట్లు ఎన్నో చెప్పడానికి ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం చాలు. 2020 ఆగస్టు 31 నాటి జీవో 131తో వచ్చిన తెలంగాణ పథకానికి పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకే అవకాశం. వాటిలో చాలావరకు సర్పంచ్ సంతకంతో నడిచిన పంచాయతీ లేఅవుట్లు. డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం) సాంకేతిక అనుమతి లేకుండా పంచాయతీ తనంతట తాను లేఅవుట్ మంజూరు చేయలేదన్న సంగతి కొన్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎల్‌ఆర్‌ఎస్‌లో క్రమబద్ధీకరణ చార్జీతోపాటు ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. ఆ డబ్బు డెవలపర్ కట్టాల్సింది, కడుతున్నది ప్లాటు యజమాని. కట్టినా ఆ కాలనీకి పార్కు రాదు, ఎందుకంటే పార్కు జాగాలో ఇప్పటికే ఇళ్లున్నాయి. చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ప్లాటుకైతే ఎంత కట్టినా క్రమబద్ధీకరణ లేదు.

ఫైనల్ వచ్చిన కాలనీవాళ్లకూ ఒక పని మిగిలి ఉంటుంది. రోడ్లు, పార్కు స్థలం డెవలపర్ స్థానిక సంస్థ పేరున రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో అప్పగించాలి, అది జరిగిందో లేదో వాళ్లే చూసుకోవాలి. పంచాయతీ మున్సిపాలిటీలో కలిసినప్పుడు ఈ పత్రాలు బీరువాల్లో కనపడకుండా పోతుంటాయి, పదేళ్లకు పాత పట్టాదారు వారసులు వచ్చి పార్కు మాదంటారు. అసోసియేషన్ ఏర్పడిన మొదటి నెలలోనే ఫైనల్ లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ, గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ, మార్టిగేజ్ రిలీజ్ డీడ్ తెచ్చి మూడు చోట్ల దాచుకోవాలి. తర్వాత టేపు పట్టుకుని పార్కు నాలుగు వైపులా కొలిచి, షీటులో ఉన్న కొలతతో పోల్చి, గిఫ్ట్ డీడ్ నంబర్, తేదీ, విస్తీర్ణం రాసి గేటు పక్కన సిమెంట్ దిమ్మె మీద చెక్కించాలి. రేకు బోర్డు వద్దు, దాన్ని రాత్రికి రాత్రి పీకేస్తారు.