అక్వేరియం అద్దానికి పట్టిన గారను చేపలకు హాని లేకుండా తీయడం

హైదరాబాదు శివార్లలో మా కాలనీ లాంటి చోట్ల వాడకానికి బోరు నీళ్లే దిక్కు కాబట్టి, గీజరు కాయిల్‌కూ బాత్రూం కుళాయిలకూ పట్టే గారే చేపల తొట్టికీ పడుతుంది. నీటి మట్టానికి కాస్త పైన అద్దం పొడవునా తెల్లటి చారగా మొదలై, ఫిల్టరు నీరు చిందే మూలలో గోరుతో తాకితే గరగరలాడేంత మందంగా పేరుకుంటుంది. గారను తీయడం నిజానికి కష్టమైన పనేమీ కాదు. చేపలు లోపల ఉండగానే, వాటికి ఏ హానీ కలగకుండా తీయడంలోనే శ్రద్ధంతా అవసరం.

బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు, నీరు ఆవిరయ్యేకొద్దీ, అందులోని కార్బన్ డయాక్సైడు గాలిలో కలిసేకొద్దీ, నీటిలో కరగని కాల్షియం కార్బనేటుగా మారి అద్దానికి అంటుకుంటుంది. సున్నపురాయిలో ఉండేదీ ఇదే పదార్థం. అందుకే మామూలు నీళ్లతో ఎంత తుడిచినా కదలని ఈ పొర, కొద్దిపాటి ఆమ్లం తగలగానే సన్నని బుడగలు వదులుతూ కరిగిపోతుంది. ఇందుకు కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ చాలు. అది లేకపోతే అర లీటరు నీటిలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి వాడుకోవచ్చు. బాత్రూం టైల్స్ కడిగే యాసిడ్లు, అమ్మోనియా కలిసిన అద్దాల స్ప్రేలు, సబ్బు, డిటర్జెంటు మాత్రం తొట్టి దరిదాపులకు కూడా రానివ్వకూడదని నేను గట్టిగా చెబుతాను. సబ్బు కొద్దిగా మిగిలినా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది, అమ్మోనియా చేపలకు నేరుగా విషం. వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రావణంతో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక, ఆ రెండింటినీ ఒకే పూట వాడే ఆలోచనే పెట్టుకోకూడదు.

ఈ పనిని నీళ్లు మార్చే రోజున పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. ముందుగా హీటరు ప్లగ్గు తీసి, అది చల్లారేదాకా పావుగంట ఆగాలి, ఎందుకంటే వేడిగా ఉన్న హీటరు నీటిలోంచి బయటపడితే దాని గాజు గొట్టం పగిలే ప్రమాదం ఉంది. ఫిల్టరు కూడా ఆపి, గార చారకు రెండు మూడు అంగుళాలు కిందికి వచ్చేదాకా నీళ్లు తోడేయాలి. ఆ తరువాత వెనిగర్‌ను స్ప్రే చేయకుండా, టిష్యూ కాగితాన్నో పాత నూలు గుడ్డ పీలికనో వెనిగర్‌లో ముంచి, చుక్క కారనంతగా పిండి, చార మీద అద్దానికి అతుక్కునేలా పరిచి ఇరవై నిమిషాలపాటు వదిలేయాలి. తీసేటప్పుడు గుడ్డ కింద గార మెత్తబడి తెల్లటి జావలా వస్తుంది. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో మృదువుగా రుద్ది, కింద నీటిలో పడకుండా తడి గుడ్డతో పైకి తుడిచి తీసేయాలి. చివరగా మంచి నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డతో రెండు మూడు సార్లు తుడిస్తే వెనిగర్ వాసన కూడా మిగలదు. పైమూతనూ, ఫిల్టరు నుంచి నీరు జారే ప్లాస్టిక్ అంచునూ విడదీసి సింకులోనే నానబెట్టి కడుక్కోవడం మేలు.

మందంగా పేరుకున్న చోట బ్లేడు వాడవచ్చా అని చాలామంది సందేహిస్తారు. పదార్థాలు గీత పడకుండా ఎంత గట్టిగా ఉంటాయో అంకెల్లో చెప్పే మోస్ కాఠిన్య కొలమానంలో కాల్షియం కార్బనేటు 3 దగ్గర, గాజు 5.5 దగ్గర ఉంటాయి కనుక, తడిపిన అద్దం మీద కొత్త బ్లేడును వాలుగా, దాదాపు పడుకోబెట్టి నడిపితే గార లేచి వస్తుందే గాని గాజుకు గీతలు పడవు. అసలు ప్రమాదం ఇసుకతో. క్వార్ట్జ్ ఇసుక కాఠిన్యం 7. బ్లేడుకూ అద్దానికీ మధ్య ఒక్క రేణువు ఇరుక్కున్నా, ఇక ఎప్పటికీ పోని గీత పడుతుంది. కాబట్టి అడుగున ఇసుక ఉన్న చోటికి బ్లేడును దింపకూడదు, మూలల్లోని సిలికాన్ అతుకులను తాకనివ్వకూడదు. అక్రిలిక్ తొట్టి అయితే బ్లేడు ఊసే వద్దు, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకడం ఒక్కటే మార్గం. వెనిగర్‌కు సిలికాన్ పాడవుతుందేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు. తొట్లు అతికించే సిలికాన్‌లో చాలా రకాలు ఆరేటప్పుడు వదిలేదే అసిటిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉన్నదీ అదే.

ఒకటి రెండు చుక్కలు నీటిలో పడితే కంగారు పడనవసరం లేదు, బోరు నీటి లాంటి కఠినజలంలోని బైకార్బనేట్లే ఆ ఆమ్లాన్ని తటస్థం చేస్తాయి. ఎక్కువ మొత్తం ఒలికితే మాత్రం పీహెచ్ పడిపోవడమే కాక, అసిటిక్ ఆమ్లాన్ని ఆహారంగా తీసుకునే బాక్టీరియా విపరీతంగా పెరిగి నీటిలోని ఆక్సిజన్‌ను తోడేస్తుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం దానికి గుర్తు. అప్పుడు ఎయిర్ పంపు నడుపుతూ కొంత నీటిని మార్చాలి. ఆర్‌ఓ నీటితో నడిపే మెత్తని నీటి తొట్లలో ఈ రక్షణ తక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్త అవసరం. నత్తలున్న తొట్టిలో మరీనూ, వాటి గుల్లలు కూడా కాల్షియం కార్బనేటే. అన్నట్టు, నేల మీద మార్బులో తాండూరు బండలో ఉంటే కింద ఒక తువ్వాలు పరుచుకోండి, అవీ సున్నపురాళ్ల జాతివే గనుక వెనిగర్ పడిన చోటల్లా మెరుపు పోతుంది.

ఇంత చేసినా, ఎన్నో ఏళ్లుగా గార పట్టిన పాత తొట్లలో ఒక మసక మిగిలిపోవచ్చు. అద్దం తడిగా ఉన్నప్పుడు మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తూ, గోటికి గరుకు తగలకపోతే అది చాలావరకు గాజు పైపొర దెబ్బతినడం వల్ల వచ్చినదే. దాని మీద ఘాటైన యాసిడ్లు ప్రయోగించడం నాకు సమ్మతం కాదు, నీటి మట్టాన్ని ఆ చార పైదాకా ఉంచుకుంటే అది కంటికి ఆనదు.

గార మళ్లీ త్వరగా పట్టకుండా ఉండాలంటే, ఆవిరైన నీటి స్థానంలో ఏ నీళ్లు పోస్తున్నామో చూసుకోవాలి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలన్నీ తొట్టిలోనే ఉండిపోతాయి. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం, అంటే గార కట్టే లవణాలు, ఉన్న బోరు నీటిని, 60 లీటర్ల తొట్టిలో వారానికి 5 లీటర్ల చొప్పున అలా భర్తీ చేస్తూ పోతే, వారానికి 2 గ్రాముల లవణం చేరుతుంది. నీళ్లు మార్చకుండా ఇలాగే కొనసాగిస్తే, గారగా పోయేది లెక్కలోకి తీసుకోకపోతే, పన్నెండు వారాల్లో కాఠిన్యం రెట్టింపవుతుంది. అందుకే ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే వృథా నీరు మామూలు బోరు నీటికన్నా కఠినమైనది గనుక దాన్ని తొట్టిలో పోయకూడదు. వారం వారం మార్చే నీటిని మాత్రం ఒక్కసారిగా ఆర్‌ఓకు మార్చేయవద్దు, గప్పీలు, మోలీలు కఠినజలంలోనే హాయిగా ఉంటాయి.